ఇవ్వని రక్షణ

నేను రిటైరవడానికి ముందు సంవత్సరం, మిరప కోతలు మొదలైన రోజుల్లో, మా చానెల్ నన్ను ఒక రియాలిటీ పోటీకి పోటీ విభాగం అధిపతిగా వేసింది. చిత్రీకరణ ఒంగోలుకీ చిలకలూరిపేటకీ మధ్య, ఊరికి దూరంగా వాడకం మానేసిన ఒక బ్యారన్ దగ్గర. బ్యారన్ అంటే పొగాకు కాల్చి ఆరబెట్టే కొట్టం. ఒక పక్క పత్తి చేను, ఇంకో పక్క మిరప తోట, మధ్యలో మిరపకాయ ఆరబోసే కల్లం. పోటీదారులు ఆ బ్యారన్‌లోనే ఉండాలి, ఇచ్చిన దినుసులతోనే వండుకోవాలి, పొలం పనుల మీద అల్లిన పోటీల్లో పాల్గొనాలి. వారానికి ఒకరిని వాళ్లే ఓటేసి బయటికి పంపాలి. చివరికి మిగిలిన ఇద్దరిలో విజేత ఎవరో అంతకుముందు బయటికి వెళ్లినవాళ్లు తేలుస్తారు.

ఈ పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఇలాంటి కార్యక్రమంలో రెండు విభాగాలు ఉంటాయి. ఒకటి కథ విభాగం. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎవరు ఏడ్చారు, ఎపిసోడ్ ఎక్కడ ఆపితే జనం మర్నాడు మళ్లీ చూస్తారు అన్నది వాళ్ల పని. రెండోది పోటీ విభాగం. నిబంధనలు రాయడం, ప్రతి పోటీని ముందుగా మా మనుషులతో ఆడించి చూడడం, సందేహం వస్తే తీర్పు చెప్పడం, ఓట్లు లెక్కించి సంతకం పెట్టడం మా పని. నా సంతకం లేకుండా యాంకర్ ఫలితం ప్రకటించకూడదన్నది చానెల్ పద్ధతి. అంతకుముందు చాలా ఏళ్లు క్విజ్‌లకీ పాటల పోటీలకీ ఈ పనే చేశాను. జనానికి నా మొహం తెలియదు. తెలియకూడదు కూడా.

మొదటి రోజు పోటీదారులందరినీ కల్లం మీద కూర్చోబెట్టి నిబంధనలు నేనే చెప్పాను. అందులో ఒకటి రక్షణ గురించి. రక్షణ ఉన్న మనిషికి ఆ వారం ఎవరూ ఓటు వేయకూడదు. అది అందరి ముందూ ప్రకటించిన పోటీలో గెలిస్తేనే వస్తుందని, చాటుగా ఎవరికీ ఏ రక్షణా ఉండదని చెప్పాను. వెనక కూర్చున్న ఒకామె లేచి, "మధ్యలో మారదు కదండీ?" అని అడిగింది. మారదన్నాను. ఆమె పేరు రహీమా.

రహీమాది పిడుగురాళ్ల. సున్నపు బట్టీల పక్క వీధిలో ఇల్లు. ఆమె ముఠా మేస్త్రీ. అంటే మిరప కోతలకి ఆడకూలీలను కూడగట్టి, రైతుతో రేటు మాట్లాడి, ఆటోల్లో తీసుకెళ్లి, సాయంత్రం తిరిగి ఇళ్లకి చేర్చే మనిషి. నలభై దాటాయి. మాట్లాడేటప్పుడు గొంతు పెద్దది, కానీ మాటలు తక్కువ.

నేను చెప్పబోయే సంగతి మొదలయ్యేనాటికి ఏడుగురు మిగిలారు. అందులో నలుగురు ఒక జట్టు. వాళ్ల నాయకుడు కిశోర్, గుంటూరులో జిమ్ నడుపుతాడు. అందగాడు, మాటకారి. జనంలో అతనికి మంచి పేరు వచ్చింది. అతనితో పాటు కబడ్డీ ఆటగాడు ప్రసాద్, యూట్యూబ్‌లో వంటలు చేసే స్వాతి, పత్తి జిన్నింగ్ మిల్లులో ఆపరేటరుగా చేసే నవీన్. ఎదుటి పక్క ముగ్గురు. రహీమా, చీమకుర్తి క్వారీలో క్రేన్ నడిపే సుబ్బారావు, ఒంగోలులో ల్యాబ్ టెక్నీషియన్ లావణ్య. నలుగురూ కలిసి ఓటేస్తే ముగ్గురూ వరసగా బయటికి వెళ్లిపోతారు. ఇలాంటి పోటీలు నడిపినవాళ్లకి ఇది చూసి చూసి విసుగొచ్చే లెక్క. ముగ్గురు పక్షంవాళ్లు సాధారణంగా నలుగురి దగ్గరికీ ఒక్కొక్కరుగా వెళ్లి బతిమాలతారు. నలుగురూ రాత్రికి ఒకచోట చేరి ఎవరు ఎవరిని బతిమాలారో చెప్పుకుని నవ్వుకుంటారు. అంతటితో అయిపోతుంది.

రహీమా ఎవరినీ బతిమాలలేదు. ఆ వారం భోజనం కోసం ఒక పోటీ పెట్టాం. పత్తి నింపిన బోరేన్ని, అంటే పెద్ద గోనెసంచిని, తాడుతో పైకి లాగి పట్టుకోవాలి. ఎవరి బరువుకి తగ్గట్టు వాళ్ల బోరెం. చివరిదాకా వదలనివాళ్లకి ఒంగోలు నుంచి తెప్పించిన భోజనం. గెలిచినవాళ్లు తమతో పాటు ఇద్దరిని ఎంచుకోవచ్చు. మిరప కోతతో పోటీ పెట్టమని కథ విభాగం అడిగింది కానీ నేను ఒప్పుకోలేదు. అది రహీమాకి రోజూ చేసే పని. మిగతావాళ్లకి అన్యాయం.

కిశోర్ కొద్దిసేపటికే నవ్వుతూ తాడు వదిలేశాడు. భోజనమే కదా, రక్షణ పోటీకి బలం దాచుకుందామని అతని ఆలోచన. చివరికి రహీమా, ప్రసాద్ మిగిలారు. రహీమా చీర కొంగు నడుముకి బిగించి, ఎటూ చూడకుండా నిలబడింది. ప్రసాద్ పట్టు సడలి బోరెం జారిపోయింది.

ఎవరిని తీసుకెళ్తారని యాంకర్ అడిగాడు. సుబ్బారావునీ లావణ్యనీ చెబుతుందని అందరం అనుకున్నాం. ఆమె కిశోర్ వైపు తిరిగింది.

"మా వాళ్లిద్దరికీ నేను ఇవాళ కాకపోతే రేపు వండిపెడతాను. మీ వాళ్లు కూడా పప్పన్నం తిని తిని నీరసపడ్డారు. మీ వాళ్లలో ఇద్దరి పేర్లు నువ్వే చెప్పు కిశోరూ. వాళ్లనే తీసుకెళ్తాను."

ఇలా ఇంకొకరిని అడగొచ్చా అని యాంకర్ నా తీర్పు కోసం ఆగాడు. అతని చెవిలో ఉండే పరికరంలో నా మాట వినపడుతుంది. గెలిచినవాళ్లు ఎవరి సలహా అయినా తీసుకోవచ్చు, కానీ పేర్లు మాత్రం వాళ్ల నోటితోనే చెప్పాలి అన్నాను. తీర్పు చెప్పాకే ఆమె ఏం చేసిందో నాకు అర్థమైంది.

కిశోర్ తనవాళ్ల వైపు చూశాడు. తను వెళ్లకుండా మిత్రులకి ఇచ్చేస్తే పెద్దమనసు కనిపిస్తుందనుకున్నాడు కాబోలు. ప్రసాద్, స్వాతి అన్నాడు. రహీమా ఆ పేర్లే పైకి చెప్పింది. కిశోర్ నవీన్ భుజం మీద చెయ్యేసి, "నువ్వేం అనుకోవుగా?" అన్నాడు. "నేనేం అనుకుంటానన్నా" అన్నాడు నవీన్. కానీ వాళ్లు వెళ్లిన దారినే చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

భోజనం దగ్గర రహీమా ఆట గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. స్వాతికి గోంగూర వడ్డించింది. పిల్లల సంగతులు చెప్పింది. ఆ ఫుటేజీ చూసి కథ విభాగం కుర్రాళ్లు ఇందులో ఏమీ లేదని విసుక్కున్నారు.

మర్నాడు పొద్దున రహీమా కల్లంలో కాయ తిరగేస్తుంటే నవీన్ ఆమె పక్కకి వచ్చి చేరాడు.

"అక్కా, నిన్న నన్నెందుకు పిలవలేదు?"

"నేను పిలవడమేంటి నాయనా. కిశోర్ ఎవరి పేర్లు చెబితే వాళ్లనే తీసుకెళ్లాను. నువ్వూ ఉన్నావుగా అక్కడ."

నవీన్ కాసేపు చేత్తోనే కాయ తిరగేశాడు. తరవాత, "చివరికి మేం నలుగురమే మిగిలితే నా సంగతి ఏంటంటావు?" అన్నాడు.

"నన్నడుగుతావేంటి? నేను నీ జట్టు కాదుగా. మీ అన్నని అడుగు."

అతను నిజంగానే వెళ్లి అడిగాడు. కిశోర్ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలేరా" అన్నాడు. అదే అతను చేసిన పొరపాటు. నువ్వు నాతోనే ఉంటావని ఒక అబద్ధమైనా చెప్పి ఉంటే నవీన్ నమ్మేవాడనే నా ఉద్దేశం. సాయంత్రానికి నవీన్ సుబ్బారావు దగ్గర కూర్చున్నాడు. వాళ్లు పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. మాట్లాడాల్సిన అవసరం లేకపోయింది.

ఇదంతా కంట్రోల్ రూములో చూస్తున్నవాళ్లకి ఈసారి పోయేది కిశోరేనని తెలిసిపోయింది. ఆ వారం రక్షణ పోటీ లావణ్య గెలిచింది. ఓటింగుకి ముందు భార్గవ్ నా గదికి వచ్చాడు. అతను కార్యక్రమం మొత్తానికి క్రియేటివ్ హెడ్. వయసులో నాకంటే చాలా చిన్నవాడు, హోదాలో నాకంటే పైన. మర్యాద తెలిసిన మనిషి.

"మేడం, కిశోర్ వెళ్లిపోతే షో కూలిపోతుంది. ఓటింగుకి ముందు యాంకర్‌తో చిన్న ట్విస్టు చెప్పిద్దాం. ప్రేక్షకుల తరఫున ఒకరికి రక్షణ అని. అంతే."

అలాంటి రక్షణ ఉండదని మొదటి రోజే వాళ్లకి చెప్పానన్నాను.

"మీరు చెప్పారు సరే. చానెల్ మార్చింది అనుకోండి."

"మార్చాలంటే అందరికీ ముందుగా చెప్పి, వచ్చే వారం నుంచి మార్చండి. ఎవరు పోతున్నారో తెలిశాక మార్చడం కుదరదు. నేను సంతకం పెట్టను."

అతను కూర్చున్నాడు. సమస్య తేలిక చేసి చూపించాడు, తరవాత పెద్దది చేసి చూపించాడు. ప్రకటనకర్తల గురించి చెప్పాడు, యూనిట్లో పనిచేసేవాళ్ల ఉద్యోగాల గురించి చెప్పాడు. చివరికి, హైదరాబాద్ నుంచి ఇంకొకరిని పిలిపించి సంతకం పెట్టించగలమన్నాడు.

పిలిపించమన్నాను. అయితే మొదటి రోజు ఆ మాట ఇచ్చింది నేను కాబట్టి, వెళ్లిపోయే ముందు ఆ ఏడుగురినీ అదే కల్లంలో కూర్చోబెట్టి ఎందుకు వెళ్తున్నానో చెప్పి వెళ్తానన్నాను. కోపంగా అనలేదు. ఆ హక్కు నా పని ఒప్పందంలో ఉంది. పోటీదారులకి నిబంధన మారితే తెలియజేయాల్సింది నేనే. భార్గవ్ లేచి వెళ్లిపోయాడు. గంటలో హైదరాబాద్ నుంచి రెండు ఫోన్లు వచ్చాయి. రెండింటికీ అదే సమాధానం చెప్పాను.

ఓటింగు జరిగింది. కిశోర్‌కి నాలుగు, రహీమాకి మూడు. లెక్క సరిచూసి సంతకం పెట్టాను. కిశోర్ నవ్వుతూనే అందరినీ కౌగిలించుకుని వెళ్లాడు. నవీన్ దగ్గర మాత్రం ఆగి, "బాగానే ఆడావురా" అన్నాడు. నవీన్ తలెత్తలేదు.

ఇక్కడితో అయిపోతే ఈ సంగతి రాయాల్సిన పని ఉండేది కాదు. ఒక బలవంతుడి కోసం నిబంధన మార్చమంటే కాదన్నాను. అందులో గొప్పేమీ లేదు. నిజం చెప్పాలంటే కిశోర్ ఆట మీద నాకు పెద్ద గౌరవం లేదు. కాదనడం తేలికయింది.

ఆ ఎపిసోడ్ ప్రసారమయ్యాక షో కూలిపోలేదు. జనం రహీమాని నెత్తిన పెట్టుకున్నారు. భోజనానికి వెళ్లేవాళ్ల పేర్లు కిశోర్ చేతే చెప్పించిన ఆ చిన్న ముక్క ఫోన్లలో ఊరూరా తిరిగింది. గుంటూరు మిర్చి యార్డులో హమాలీలు కూడా ఆమె గురించి మాట్లాడుకుంటున్నారని మా డ్రైవరు చెప్పాడు. బయట ఇంత జరుగుతోందని లోపలివాళ్లకి తెలియదు. ఫోన్లు ఉండవు, పేపర్లు ఉండవు.

లోపల మాత్రం వేరే సంగతి నడుస్తోంది. ఆరుగురు మిగిలారు. కిశోర్ పోయాక నవీన్‌కి ఒక్క విషయం అర్థమైంది. రహీమా, సుబ్బారావు, లావణ్య మొదటినుంచీ ఒకటి. ఇక్కడా తను నాలుగోవాడే. అతను ప్రసాద్ దగ్గరికీ స్వాతి దగ్గరికీ వెళ్లి తప్పు ఒప్పుకున్నాడు. ముగ్గురయ్యారు. నాలుగో ఓటు కావాలి. అది లావణ్య దగ్గర దొరికింది.

లావణ్యని నేను తప్పు పట్టను. ఆమె రహీమా వండిన అన్నం తిన్నది, జ్వరం వస్తే రహీమా చేత నుదురు పట్టించుకున్నది. కానీ ఇంటర్వ్యూ గదిలో ఆమె అన్నది సూటిగా ఉంది. ఒక్కొక్కరూ కెమెరా ముందు ఒంటరిగా మాట్లాడే గది అది.

"అక్కతో ఫైనల్‌కి వెళ్తే నాకు ఒక్క ఓటు కూడా రాదు. వచ్చినా అది నా ఆట చూసి రాదు, జాలితో వస్తుంది. నేను గెలవడానికే వచ్చాను. అక్క కూడా గెలవడానికే వచ్చింది కదా."

ఆ వారం రక్షణ పోటీలో రహీమా గట్టిగా ప్రయత్నించింది. ప్రసాద్ గెలిచాడు. మధ్యాహ్నం భార్గవ్ మళ్లీ నా గదికి వచ్చాడు. ఈసారి కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా మాట్లాడాడు.

"మేడం, పోయిన వారం మీరన్నదే రైటు. నేను ఒప్పుకుంటాను. ఇవాళ మాత్రం వినండి. ఆమెని మోసంతో పంపిస్తున్నారు. తిండి పెట్టిన మనిషి. పిడుగురాళ్ల నుంచి వచ్చిన కూలి మేస్త్రీ, ఇంత తెలివిగా ఆడింది. ఇలాంటి మనిషి గెలిస్తే ఎంతమందికి ధైర్యం వస్తుందో ఆలోచించండి. మీకు కూడా ఆమె అంటే ఇష్టమే. నేను చూస్తూనే ఉన్నాను."

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. నాకు ఆమె అంటే ఇష్టం. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక పోటీని అంత శుభ్రంగా చదివిన మనిషిని నేను చూడలేదు. ఆమె గెలిస్తే బాగుంటుందని ఎప్పుడో మనసులో అనుకున్నాను. నాతో పనిచేసే ఇద్దరు కూడా అదే కోరుకున్నారు. గదిలో ఎవరూ నన్ను కాదనమని అనడం లేదు. పోయిన వారం ఫోన్ చేసినవాళ్లే, ఈసారి ఏం చేసినా మీ ఇష్టమన్నారు. తలుపు వేసి ఉంది. ఒక్క మాట అంటే సరిపోయేది.

నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. కల్లంలో రహీమా, లావణ్య కాయ ఏరుతున్నారు, పక్కపక్కనే కూర్చుని. లావణ్య చేతులు మామూలుకంటే వేగంగా కదులుతున్నాయి. ఆ పిల్ల రాత్రంతా ఆలోచించి, భయపడి, ఒక నిర్ణయానికి వచ్చింది. నేను ఇచ్చిన నిబంధనని నమ్మి ఆ నిర్ణయానికి వచ్చింది. నాకు రహీమా ఇష్టమని ఆ నిర్ణయాన్ని చెల్లకుండా చేస్తే, పోయిన వారం నేను కాపాడింది నిబంధనని కాదు, కిశోర్ మీద నాకున్న అయిష్టాన్ని.

"కుదరదు భార్గవ్" అన్నాను.

"ఆమె కోసం కూడానా?"

"పోయిన వారం కిశోర్‌కి ఇవ్వనిది ఈ వారం ఎవరికీ ఇవ్వను."

అతను వాదించలేదు. నాకు అర్థం కావడం లేదు మేడం అని మాత్రం అన్నాడు. అర్థం కాకపోవడం నాకు తప్పుగా అనిపించలేదు. నాక్కూడా ఆ సాయంత్రం వరకూ మనసు కుదుటపడలేదు.

ఓటింగులో రహీమాకి నాలుగు, నవీన్‌కి రెండు. యాంకర్ పేరు చదివినప్పుడు ఆమె ఎవరి మొహమూ చూడలేదు. లేచి కొంగు సర్దుకుని, అందరికీ నమస్కారం పెట్టి వచ్చేసింది.

బయటికి వచ్చినవాళ్లు ముందుగా నా దగ్గరికే రావాలి. మైకు పరికరం తీసుకుని, ఎవరు ఎవరికి ఓటేశారో చెప్పి, ఏదైనా అభ్యంతరం ఉంటే వినడం నా పని. ఆమె కుర్చీలో కూర్చుని మైకు విప్పి నా బల్ల మీద పెట్టింది. నేను పేర్లు చెప్పాను. లావణ్య పేరు దగ్గర ఆమె ఆపింది.

"లావణ్యా?"

"అవును."

ఆమె కళ్లు తుడుచుకుంది. తరవాత, "ముఠాలో కూడా అంతేనండి. రైతుతో నేను గట్టిగా బేరమాడినంతసేపూ ఆడాళ్లందరూ నా వెనకే ఉంటారు. బేరం కుదిరాక, మేస్త్రీ మరీ ఎక్కువైపోయిందే అంటారు. ఆ పిల్లకి ఆ మాత్రం తెలివి ఉండాలి. లేకపోతే నేనే బాధపడేదాన్ని" అంది.

అభ్యంతరం ఏమైనా ఉందా అని అడిగాను. లేదంది. లేచి వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగింది.

"నన్ను ఉంచమని మిమ్మల్ని ఎవరన్నా అడిగారా మేడం?"

ఆ ప్రశ్నకి సమాధానం చెప్పే అధికారం నాకు లేదన్నాను. ఆమె నా మొహం కాసేపు చూసింది.

"అడిగే ఉంటారులెండి. కిశోర్‌ని ఉంచమని కూడా అడిగుంటారు. మీరు అప్పుడు ఉంచుంటే నేను ఊరుకునేదాన్ని కాదు. ఇప్పుడు నన్ను ఉంచుంటే లావణ్య ఊరుకోకూడదు."

బయట ఆమె కోసం కారు ఆగి ఉంది. జనంలో తనకెంత పేరు వచ్చిందో ఆమెకి దారిలోగానీ తెలియలేదు. చిలకలూరిపేట దగ్గర టీ కోసం ఆగితే హోటల్లో ఉన్నవాళ్లంతా చుట్టుముట్టారని తరవాత డ్రైవరు చెప్పాడు. పోటీ గెలిచింది లావణ్య. ఆఖరి ఓటింగులో రహీమా తన ఓటు ఆమెకే వేసింది. ఎందుకు వేశారని నేను అడగలేదు. అడగడం నా పని కాదు.

ఆ కార్యక్రమం అయ్యాక చానెల్ నాకు ఇంకో పెద్ద పోటీ ఇవ్వలేదు. రిటైరయ్యే వరకూ పిల్లల క్విజ్ ఒకటి చూసుకున్నాను. భార్గవ్ అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. కొత్త కార్యక్రమాల నిబంధనలు పంపించి చూడమనేవాడు. చూసిచ్చేదాన్ని.

ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లు నన్ను అడిగితే చెప్పేది ఇదే. జట్లు కట్టేవాళ్లు కడతారు, విడగొట్టేవాళ్లు విడగొడతారు. అది పోటీదారుల హక్కు. నిబంధన చూసేవాళ్లకి ఏ జట్టూ ఉండకూడదు. మనకి నచ్చని మనిషి కోసం నిబంధన మార్చమంటే కాదనడం ఎవరైనా చేస్తారు. మనకి నచ్చిన మనిషి కోసం మార్చమన్నప్పుడు కూడా కాదనగలిగితేనే మొదటిసారి కాదన్నదానికి విలువ ఉంటుంది.